పేరు వేసిన ప్రింటరు

ఆ రోజుల్లో మా ఇంట్లో పేరు లేని వస్తువంటూ ఉండేది కాదు. నేను చెప్పేది మనుషుల సంగతి కాదు, సామాన్ల సంగతి. జగ్గయ్యపేట మెయిన్ బజారులో మా నాన్నకి స్టీలు, ఇత్తడి సామాన్ల కొట్టు ఉండేది. కొట్టు వెనకే ఇల్లు. కొన్న ప్రతి గిన్నె మీదా, చెంబు మీదా, ఆఖరికి ఊరగాయ జాడీలో వేసే చెంచా మీదా పేరు వేసి ఇవ్వకపోతే నాన్నకి అమ్మినట్టు ఉండేది కాదు. పేర్లు వేసే మిషనంటే పెద్దదేమీ కాదు. లావుపాటి పెన్నులాంటిది, వెనక కరెంటు తీగ, ముందు సూది. మీట నొక్కితే ‘ఝుయ్’మని వీధి చివరి దాకా వినిపించేది. కాగితం మీద నాన్న రాత కోడి కెలికినట్టుండేది గానీ, స్టీలు మీద మాత్రం ముత్యాలు పేర్చినట్టు పడేది. చిల్లకల్లు నుంచి వీరులపాడు దాకా ఎన్ని పెళ్ళి బిందెల మీద ఆ ముత్యాలున్నాయో ఆయనకే తెలియదు. బయటివాళ్ళకే అంత చేసినవాడు ఇంట్లోవాటిని వదులుతాడా? టేబులు ఫ్యాను, టార్చిలైటు, గొడుగు పిడి, అన్నిటి మీదా పేర్లే. నాయనమ్మ కట్టుడుపళ్ళ డబ్బా మీద కూడా ఉండేది. (అదెందుకండీ అని అమ్మ అడిగితే, “ఊరెళ్ళినప్పుడు ఇంకొకళ్ళవి పెట్టుకొస్తే?” అన్నాడట.)

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, మొన్న మా ఇంట్లో ప్రింటరు పాడైంది. మా వారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “బాగుచేయించడం దండగ, కొత్తది తెచ్చేస్తా” అని స్కూటరు తీసుకుని వెళ్ళారు. నేను పప్పులో పోపు పెట్టేలోగా తిరిగొచ్చారు. కొత్తది అప్పడాల కట్టంత తేలిగ్గా ఉంది. పాతదేదండీ అంటే, ఎక్స్ఛేంజిలో ఇచ్చేశానన్నారు. అంతే, అయిపోయింది. ఎవరూ ఏడవలేదు, ఎవరికీ మోకాళ్ళు పట్టెయ్యలేదు, ఏ కొట్లో ఏ బోర్డూ చదవాల్సిన పని పడలేదు. నాకెందుకో నవ్వొచ్చింది. మా పేట ఇంట్లో ఒక ప్రింటరు మార్చడానికి ఎంతమంది కదలాల్సి వచ్చిందో తల్చుకుని, ఎవరికైనా చెప్పాలనిపించింది. మా వారికి చెబుదామంటే ఆయన నిద్రపోయారు. అందుకని మీకు చెబుతున్నాను. (పాప కూడా నిద్రపోయింది. పోయిందనుకుంటా. ఉండండి, చూసొస్తా. పోయింది, ఊపిరి కూడా బాగానే తీస్తోంది.)

అప్పటికి నేను బీకాం కంప్యూటర్స్ పూర్తిచేసి ఇంట్లో ఉన్నాను. ‘ఖాళీగా ఉన్నావా అమ్మా’ అని ఎవరైనా అడిగితే ఒప్పుకునేదాన్ని కాదు. హైదరాబాదు మావయ్య తన ఆఫీసులో తీసేసిన కంప్యూటరొకటి, దాంతోపాటు ఇంకుతో పనిచేసే చిన్న ప్రింటరొకటి నాకిచ్చాడు. వాటిని ముందుగదిలో కిటికీ పక్కన పెట్టుకుని పెళ్ళి సంబంధాల బయోడేటాలు, సత్యనారాయణ వ్రతం పిలుపులు టైపు చేసి ఇచ్చేదాన్ని. నా కళ్ళకి అదొక ఆఫీసు. మా నాయనమ్మ కళ్ళకి మాత్రం అది నేను అద్దం ముందు కూర్చోకుండా టీవీ ముందు కూర్చోవడానికి కనిపెట్టిన వంక.

అలాంటి రోజుల్లో నందిగామ నుంచి పెద్దమేడం మా కొట్టుకి వచ్చారు. ఆవిడ అక్కడి ఒక ప్రైవేటు హైస్కూలుకి హెడ్మిస్ట్రెస్. ఆటల పోటీల్లో గెలిచిన పిల్లలకి ఇవ్వడానికి స్టీలు పళ్ళేలు కొని, వాటి మీద పేర్లు వేయిస్తూ కూర్చున్నారు. మాటల్లో నా టైపింగు సంగతి బయటపడింది. ఆవిడ కుర్చీ నా వైపు జరుపుకుని గొంతు తగ్గించారు. “హాఫ్ ఇయర్లీ పేపర్లు మా ఊళ్ళో ఏ సెంటర్లో టైపు చేయించినా, మా టీచర్ల కన్నా ముందు పిల్లలకి తెలిసిపోతున్నాయమ్మా. అక్కడ కూర్చునేవాళ్ళంతా మా పిల్లల అన్నలూ అక్కలే. నువ్వైతే ఈ ఊళ్ళో ఉంటావు. బయట ఎక్కడా తీయించకుండా, నీ ఇంట్లోనే నీట్‌గా ప్రింటు తీసి తెచ్చిస్తావా? ఈ పని సరిగ్గా చేశావంటే సంక్రాంతి సెలవులయ్యాక కంప్యూటరు టీచరుగా వచ్చెయ్యి.”

నేను నాన్న వైపు చూశాను. నాన్న పళ్ళెం మీంచి సూది ఎత్తకుండానే అన్నాడు: “మేడం గారు సరేనంటే నేనూ సరే. లేదంటే ఇక్కడే కొట్లో గల్లాపెట్టె దగ్గర కూర్చుందువు గాని. అదీ ఉద్యోగమే.”

గల్లాపెట్టె మీద నాకేమీ కోపం లేదు. కానీ నాకు నందిగామ బస్సు కావాలి. ఇస్త్రీ చీర కట్టుకుని, చేతిలో టిఫిను డబ్బాతో, పొద్దున్నే బస్సెక్కి కిటికీ పక్క సీటు కోసం ఒకళ్ళనొకళ్ళు తోసుకునే టీచరమ్మల్ని చూస్తూ పెరిగాను. వాళ్ళు సాయంత్రం దిగేటప్పటికి చీరలు నలిగిపోయి, ముఖాలు వాడిపోయి ఉండేవి. ఆ వాడిపోవడం కూడా నాకు గొప్పగా కనిపించేది. మా అమ్మ కూడా రోజూ వాడిపోయేది, కానీ ఎక్కడికీ వెళ్ళకుండా.

ప్రశ్నలన్నీ టైపు చేయడం ఇంచుమించు అయిపోయింది. అప్పుడు చలికాలం వచ్చింది. అంటే, పెరుగు సమస్య వచ్చింది. చలికాలంలో మా ఇంట్లో పాలు తోడుకునేవి కావు. నాయనమ్మ తోడుపెట్టిన గిన్నెని చంటిపిల్లలా చంకన వేసుకుని వెచ్చటి చోటు కోసం ఇల్లంతా తిరిగేది. ఒకరోజు పొయ్యిగట్టు మీద, ఒకరోజు బియ్యం డ్రమ్ములో, ఒకరోజు తాతయ్య పాత శాలువాలో చుట్టి. అలా తిరుగుతూ తిరుగుతూ నా ఆఫీసులోకి వచ్చింది. కంప్యూటరు వెనక చెయ్యి పెట్టింది. ఆవిడ ముఖం విచ్చుకుంది. “పొయ్యిలా వెచ్చగా ఉందే ఇది! ఇన్నాళ్ళూ చెప్పవేంటే చిట్టీ?” కంప్యూటరు నెత్తి గుండ్రంగా ఉంది గనక గిన్నె నిలవదు. దాన్ని ఆనుకుని బల్లపరుపుగా ప్రింటరు ఉంది. రాత్రి నేను భోజనానికి లేచినప్పుడు గిన్నె దాని మీద పెట్టి, కనిపించకుండా పైన గుడ్డ కప్పి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున నేను వచ్చి, సోషల్ పేపరు ఎలా వస్తుందో చూద్దామని ప్రింటు నొక్కాను. ఆ ప్రింటర్లు మీకు గుర్తుంటే, అవి ఒక్కచోట నిలబడి పనిచేసేవి కావు. ఆ కొస నుంచి ఈ కొసకి తల పరిగెత్తుతుంటే ఒళ్ళంతా ఊగేవి. ఆ ఊపుకి గుడ్డ కింద ఏదో నడుచుకుంటూ అంచు దాకా రావడం నేను చూశాను. అదేమిటో తెలుసుకునేలోపు గిన్నె బోర్లా పడింది. పెరుగు బ్రహ్మాండంగా తోడుకుంది. మీగడ మందంగా కట్టింది. అదంతా కాగితం లోపలికి వెళ్ళే సందులోకి దిగిపోయింది. ప్రింటరు గురగురమని, ‘వర్షపాతము గూర్చి వ్రా’ దాకా అచ్చేసిన కాగితాన్ని తెల్లటి మరకలతో బయటికి తోసి, శాశ్వతంగా నోరు మూసుకుంది.

నాయనమ్మ పరిగెత్తుకొచ్చింది. “అయ్యో, అయ్యో, మీగడంతా పాయె!”

మధ్యాహ్నం నాన్న వచ్చి, చొక్కా విప్పకుండానే ప్రింటరు ముందు కూర్చున్నాడు. వాసన చూశాడు. వేలితో కొట్టి చూశాడు. కారే బిందెలకి మాట్లు వేయించిన మనిషి కదా, “దీనికి మాటు వేయిస్తే సరిపోదా?” అన్నాడు.

“చిల్లు పడితే మాటు గానీ, పెరుగు పడితే మాటేంటండీ?” అంది అమ్మ.

“చింతపండు పెట్టి తోమితే సరి” అంది నాయనమ్మ. ఆవిడ దృష్టిలో చింతపండుకి లొంగని మురికి ఈ భూమ్మీద లేదు.

నేను మాత్రం గుమ్మంలో కూర్చుని ఏడుస్తున్నాను. పేపర్లు ఇవ్వాల్సిన సోమవారం తరుముకొస్తోంది. ఇంకెక్కడా తీయించనని మేడంకి మాటిచ్చాను. ప్రింటరు లేకపోతే పేపర్లు లేవు, పేపర్లు లేకపోతే బస్సు లేదు. నాన్న కాసేపు నన్ను చూసి, “ఊరుకోవే. రేపు నందిగామ పోయి కొత్తది తెద్దాం” అన్నాడు.

పేటలో కంప్యూటర్లు అమ్మేవాళ్ళు లేకపోలేదు. కానీ నందిగామలో బాబాయి ఉన్నాడు. నాన్నకి పినతండ్రి కొడుకు. ఫ్యాన్లు, మిక్సీలు, టీవీల కొట్టు నడుపుతూ కొత్తగా ఒక మూల కంప్యూటర్లు కూడా పెట్టాడు. మావాళ్ళల్లో ఒక పద్ధతుంది. మనవాడి కొట్లో దొరికే వస్తువుని పరాయి కొట్లో కొంటే, అది వస్తువుని కొనుక్కోవడం కాదు, తగువుని కొనుక్కోవడం. అందుకని మర్నాడు నాన్నా, నేనూ, గోనెసంచిలో పెరుగు ప్రింటరూ నందిగామ బస్సెక్కాం. సంచి ఎందుకు నాన్నా అంటే, “మన కొట్లో పాత సామాను తీసుకుని కొత్తవి ఇవ్వట్లా? వాడూ తీసుకుంటాడు” అన్నాడు.

బాబాయి ఎదురొచ్చాడు. “రా అన్నయ్యా, రా. ఏమే చిట్టీ, మరీ పుల్లలా అయ్యావ్. ఇదేంటి, సంచిలోంచి పులుపు వాసన? మజ్జిగ తెచ్చారా?”

“పాత ప్రింటర్రా. తూకానికి తీసుకో.”

“తూకానికి తీసుకోవడానికి ఇది ఇత్తడా అన్నయ్యా? ఆ వాకిట్లో పెట్టు ముందు, ఈగలొస్తున్నాయ్.”

లోపల ప్రింటర్లు రెండే రెండున్నాయి. ఒకటి నాకు కావలసిన ఇంకుది, బుజ్జిగా, నున్నగా. రెండోది మూల నేల మీద, దుమ్ము కొట్టుకుని, పెళ్ళి ట్రంకుపెట్టెంత ఉంది. సూదులతో టకటకా పొడుస్తూ అచ్చేసే రకం. రైసుమిల్లువాళ్ళెవరో కావాలని తెప్పించి తీసుకోలేదట. నాన్న బుజ్జిదాన్ని ఒక చేత్తో లేపాడు.

“ఏంట్రా ఇది, లోపల సామానుందా?”

“ఎందుకుండదన్నయ్యా? ఉంది.”

“మరి బరువేది?”

“ఇప్పుడన్నీ ఇంతే.”

నాన్న చూపుడువేలు మడిచి దాని వీపు మీద ఒక్కటిచ్చాడు. ‘టప్’మంది. ఆయన ముఖం చిట్లించాడు. “పలకదే!”

“అది గుళ్ళో గంట కాదన్నయ్యా, ప్రింటరు.”

సరిగ్గా అప్పుడే మేడ మీంచి పిన్ని కేక. “చిట్టీ, వచ్చి కింద నుంచే పోదామనుకుంటున్నావా? పెసరట్టు వేస్తున్నా, రా!” చుట్టాల కొట్టుకి వెళ్తే వచ్చే చిక్కే ఇది. ఆడపిల్ల పైకి వెళ్ళి పలకరించి, తిని, ‘ఇంకోటి వేసుకో’ అన్నప్పుడు వద్దని, వేసినప్పుడు తిని రావాలి. నేను మెట్లెక్కుతూ, “నాన్నా, ఆ చిన్నదే తీసుకో” అన్నాను. “సరే సరే, పద” అన్నాడు. నేను పెసరట్టు మీద పెసరట్టు తిని కిందికి దిగేసరికి పెట్టె కట్టేసి, తాడు బిగించేసి ఉంది. ఎంత పెట్టెనుకున్నారు! దాని పక్కన నాన్న, ఆవుని కొన్నవాడిలా నిలబడి ఉన్నాడు. బాబాయి ముఖం మాత్రం నిండు పౌర్ణమిలా వెలిగిపోతోంది.

“మీ నాన్నకి ఇదే నచ్చిందమ్మా. నీకు నచ్చకపోతే రెండ్రోజుల్లో తెచ్చివ్వు, చిన్నదిస్తా. కాకపోతే ఇచ్చింది ఇచ్చినట్టే రావాలి, దాని మీద గీత పడకూడదు, అంతే.”

నా ప్రాణం లేచొచ్చింది. గీత ఎందుకు పడుతుంది?

బస్సులో నాన్న పెట్టెని కింద పెట్టనివ్వలేదు. కుదుపులకి లోపలిది కదిలిపోతుందని ఒళ్ళో పెట్టుకుని, గడ్డం దాని మీద ఆనించుకుని కూర్చున్నాడు. కండక్టరు వచ్చి, “కుట్టుమిషనా అండీ?” అని అడిగాడు. “కంప్యూటరు ప్రింటరండీ. మా అమ్మాయిది” అన్నాడు నాన్న, అవసరమైన దాని కన్నా కాస్త గట్టిగా. వెనక సీట్లోవాళ్ళు తలలెత్తి చూశారు. చిల్లకల్లు వచ్చేసరికి ఆయన కాళ్ళు తిమ్మిరెక్కి చెప్పుల్లో వేళ్ళు కదుపుతున్నాడు గానీ పెట్టె దించలేదు. ‘నాన్నా, ఇది నాకు పనికిరాదు’ అని అప్పుడెలా చెప్పను? అసలు మా ఇంట్లో నాన్నకి చెప్పాల్సినవి ఆడపిల్లలు నేరుగా చెప్పరు. అమ్మకి చెబితే, అమ్మ సమయం చూసి చెబుతుంది. ఇల్లు చేరేసరికి కరెంటు లేదు. వంటింట్లో అమ్మ చెవిలో విషయమంతా ఊదాను. “ఇప్పుడొద్దులే, మోకాళ్ళు పట్టేసి వచ్చారు. పొద్దున కాఫీ ఇస్తూ చెప్తా. చేతిలో కాఫీ ఉన్నంతసేపు ఆయన దేనికీ కాదనరు” అంది అమ్మ. నేను నిశ్చింతగా పడుకున్నాను.

పొద్దున్నే తలస్నానం చేస్తుంటే ‘ఝుయ్’ వినిపించింది. ఆ చప్పుడు నేను పుట్టినప్పట్నుంచీ వింటున్నదే గనక ముందు పట్టించుకోలేదు. రెండో చెంబు నీళ్ళు పోసుకుంటుంటే అనుమానమొచ్చింది. చప్పుడు కొట్లోంచి కాదు, ముందుగదిలోంచి వస్తోంది. స్టీలు మీద వచ్చే చప్పుడులా కూడా లేదు, మెత్తగా ఉంది. తడిజుట్టుకి తువ్వాలు చుట్టుకుని పరిగెత్తాను.

పుట్టువెంట్రుకలు తీయించే పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నట్టు నాన్న ప్రింటర్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పంచె నిండా తెల్లటి ప్లాస్టిక్ తురుము. ప్రింటరు మూత మీద గుండ్రటి అక్షరాలతో ‘చిట్టి’. దాని కింద ‘నందిగామ’. రెండు పక్కలా తీగలు, తీగలకి పువ్వులు. పెద్ద పెద్ద పెళ్ళి గుండిగలకి తప్ప ఆయన తీగలు వేసేవాడు కాదు.

“నాన్నా! ఏం చేసావ్!”

“ఏం, బాలేదా? స్టీలు కాదు కదా, సూది జారిందే. ఆ వత్తు దగ్గర చూడు, కాస్త...”

“అది తిరిగిచ్చేద్దామనుకున్నా! చిన్నదానికి మార్చుకుందామనుకున్నా! అమ్మ నీకు చెప్పలా?”

అప్పుడే వంటింట్లోంచి అమ్మ వచ్చింది, చేతిలో కాఫీతో. మూత వైపు చూసింది, నా వైపు చూసింది, కాఫీ వైపు చూసుకుంది. “ఇవ్వాళ పాలు ఆలస్యమైనయ్యే” అంది.

“పైగా ఊరు కూడా తప్పేసావ్! మనది పేట. కొన్న ఊరి పేరు ఎవరైనా వేస్తారా?” అని నేను ఇల్లు ఎగిరిపోయేలా అరిచాను. నాన్న మూత మీది తురుముని నోటితో ఊది, పంచె దులుపుకుని, కాఫీ అందుకున్నాడు.

అయినా నా బాధ చూడలేక బాబాయికి ఫోను చేశాడు. కొట్లో గల్లాపెట్టె పక్కనే ఫోను. నేను చెవి దగ్గర పెట్టి విన్నాను.

“ఒరేయ్, పేరు వేసా. అయినా కొత్తదేగా, తీసుకోరా.”

“అన్నయ్యా, నీ గల్లాపెట్టె పైన బోర్డుంటది. ఒకసారి చదివి చెప్పు.”

నాన్న తలెత్తి చూశాడు. నేనూ చూశాను. ‘పేరు వేసిన సామాను వాపసు తీసుకోబడదు.’

“ఎవరు రాసిందన్నయ్యా అది?”

“నేనే.”

“వదినని అడిగానని చెప్పు. ఉంటా.”

ఆ రోజంతా నేను ఎవరితోనూ మాట్లాడలేదు. నాయనమ్మ మాత్రం కొత్త ప్రింటర్ని అటూ ఇటూ తోసి చూసి, “ఇది కదలదే! దీని మీద గిన్నె పెట్టినా పడదు” అని నన్ను ఓదార్చింది. గతిలేక దాన్నే కంప్యూటరుకి తగిలించి ప్రింటు తీశాను. ఆ చప్పుడు ఏం చెప్పను! ఎదురింటావిడ వచ్చి, “వడ్రంగం పని పెట్టుకున్నారా వదినా?” అని అమ్మని అడిగింది. ఎంతో కాలంగా మూల పడి ఉండడంతో అందులోని రిబ్బను ఎండిపోయింది. బూడిద రంగులో చుక్కలు చుక్కలుగా ఏదో పడింది. తెలుగు వత్తులన్నీ బెల్లం కోసం బయల్దేరిన చీమల్లా ఉన్నాయి. దూరంగా పెట్టి, కళ్ళు చికిలించి చూస్తే అవి ప్రశ్నలని తెలుస్తుంది. ఆ కాగితాలు పట్టుకుని సోమవారం నందిగామ బస్సెక్కాను. కిటికీ పక్క సీటే దొరికింది. ఇదే మొదటిసారి, ఇదే ఆఖరిసారి అనుకుంటూ కూర్చున్నాను. పక్కన నాన్న. తనూ వస్తానని ఎందుకు పట్టుబట్టాడో నాకు తెలియలేదు.

పెద్దమేడం కళ్ళజోడు పెట్టుకుని కాగితం చూశారు. తీసి చూశారు. “ఇది దేంతో తీశావమ్మా?”

నేను ఒక్క గుక్కలో అంతా చెప్పేశాను. మీగడ కూడా వదిలిపెట్టలేదు. “...ఇంకుదే తెద్దామనుకున్నాం మేడం, కానీ సూదులది వచ్చింది.”

“సూదులదా?” ఆవిడ కాగితం కింద పెట్టారు. “అందులో రిబ్బను తీసేస్తే సూదులు నేరుగా కాగితం మీద పొడుస్తాయా?”

“పొడుస్తాయి మేడం.”

ఆవిడ లేచి బీరువా పక్కన గుడ్డ కప్పి ఉన్న దాన్ని చూపించారు. గుడ్డ తీస్తే సైక్లోస్టైల్ మిషను. “మా టైపిస్టు ఉన్నన్నాళ్ళూ ఆయన టైపుమిషనుతో మైనం కాగితం మీద పొడిస్తే, దీంట్లో పెట్టి తిప్పుకునేవాళ్ళం. ఆ చిల్లుల్లోంచి సిరా దిగి ఎన్ని కాపీలైనా వచ్చేవి. ఆయన మానేశాక ఇది మూలపడింది, పేపర్లు బయటికి పోయాయి. ఇంకు ప్రింటరైతే ఆ మైనం మీద గీరనైనా గీరలేదమ్మా. దానికి పొడిచేదే కావాలి. ఇక్కడే పొడిచి, ఇక్కడే తిప్పేద్దాం. పేపరు ఈ గది గుమ్మం దాటదు.”

నేను అర్థం చేసుకునేలోపే నాన్న లేచి మిషను దగ్గరికి వెళ్ళాడు. చూపుడువేలు మడిచి దాని మీద ఒక్కటిచ్చాడు. ‘ఖంగ్’మంది. ఆయన వెనక్కి తిరిగాడు. “మేడం గారూ, సరుకంటే ఇదండీ. ఇప్పుడు దొరకదు.”

“అందుకేనండీ పారెయ్యంది” అన్నారు ఆవిడ. వాళ్ళిద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసి తృప్తిగా తలలూపుకున్నారు. అక్కడ నేనొకదాన్ని ఉన్నానని కాసేపు మర్చిపోయారు.

మర్నాడు ప్రింటరు మళ్ళీ నాన్న ఒళ్ళో కూర్చుని నందిగామ వచ్చింది. ఈసారి కంప్యూటరు నా ఒళ్ళో. స్కూల్లో పెట్టె విప్పి బల్ల మీద పెట్టగానే పెద్దమేడం మూత మీదికి వంగి చదివారు. “చిట్టి, నందిగామ. ఇదేంటండీ, ఊరు కూడా వేసేశారు? ఉద్యోగం ఖాయమని నేనింకా అననే లేదుగా అప్పటికి?”

నాన్న కండువాతో మెడ తుడుచుకున్నాడు. “మా అలవాటండీ. సామాను ఏ ఊరు పోతదో ఆ ఊరి పేరే వేస్తాం. పెళ్ళి బిందె మీద కూడా పుట్టినూరు వెయ్యమండీ, వెళ్ళే ఊరే.”

ఆ సంగతి నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ తెలుసు. ఎన్ని బిందెల మీద ఎన్ని ఊళ్ళు చూశాను! నేను కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాను. (ఎందుకని అడక్కండి. బయట చూడ్డానికి ఏమీ లేదు, సైకిలు స్టాండు తప్ప.)

ఆ హాఫ్ ఇయర్లీ పేపరు ఒక్కటి కూడా గుమ్మం దాటలేదు. దాని చప్పుడు మాత్రం దాటింది. లోపల పిండిమర పెట్టారని కింది తరగతుల పిల్లలు చెప్పుకున్నారు. సెలవులయ్యాక నేను టీచర్నై వెళ్ళేసరికి నాకు ‘కిర్రు టీచరు’ అని పేరు కూడా తయారుగా ఉంది. ఇస్త్రీ చీర, టిఫిను డబ్బా, కిటికీ సీటు కోసం తోపులాట, సాయంత్రానికి వాడిపోవడం, అన్నీ నేననుకున్నంత గొప్పగానూ ఉన్నాయి, అనుకోనంతగా నడుమూ నొప్పెట్టింది. తర్వాత నన్నిచ్చింది కూడా ఈ నందిగామలోనే. స్కూల్లో కొత్త మిషన్లు వచ్చాక ఆయా ఆ ప్రింటర్ని రిక్షాలో వేయించుకుని మా ఇంటికి తెచ్చింది. “మీ పేరుంది కదండీ, ఇంకెవరికిస్తాం?” అంది. లోపలిదంతా ఎప్పుడో పాత ఇనుముకి పోయింది. మూత మాత్రం ఉంది. పాప బొమ్మలు దాంట్లోనే. మొన్న మా వారు తెచ్చిన కొత్తదాన్ని చూస్తూ, దీనిమీద పేరు ఎక్కడ పడుతుందా అని నా కళ్ళు వాటంతటవే వెతికాయి. అసలు చోటే లేదు.

పాప వచ్చే సోమవారం నుంచి బడికెళ్తుంది. వీధి చివరే బడి. అయినా నేను గేటు గడియ పిల్లలకి అందుతుందా, మంచినీళ్ళు కాచినవేనా, ఆ మలుపులో కుక్క ఎవరిది అని ఆరా తీస్తూనే ఉన్నాను. సాయంత్రం నాన్న ఫోను చేశాడు.

“పిల్లకి టిఫిను డబ్బా, గ్లాసు తీసిపెట్టా. పేరు వేస్తున్నా. ఊరేం వెయ్యమంటావ్? నందిగామేనా?”

అవునని అనబోయి ఆగాను. వీధి చివరికి పంపడానికే నాకు మనసొప్పడం లేదు. అయినా నోట్లోంచి ఇంకో మాట వచ్చింది. “పేరు వెయ్యి నాన్నా. కింద జాగా వదిలెయ్యి.”

“ఊరు లేకుండా ఇంతవరకూ ఒక్క గిన్నె ఇవ్వలేదే నేను.”

“అది ఏ ఊరెళ్తుందో మనకేం తెలుసు?”

“అదీ నిజమేలే” అన్నాడు. తర్వాత గొంతులో హుషారొచ్చింది. “డబ్బా మాత్రం బరువైందే తీసా. కొడితే ఖంగుమంటోంది.”

“నాన్నా, అది మొయ్యలేదు! బుడ్డి పిల్ల!”

“మోస్తదిలే. నువ్వు మొయ్యలా?”

ఫోను పెట్టేశాక, తడిజుట్టు తువ్వాలు జారిపోతూ, ఊరి పేరు తప్పు పడిందని ఇల్లెగరగొట్టిన ఆ పిల్ల కళ్ళ ముందుకొచ్చింది. ‘కాస్త ఆగవే, ముందు కాఫీ తాగు’ అని చెబుదామనుకున్నాను. చెప్పినా వినే రకం కాదులెండి. (పాప దుప్పటి తన్నేసింది. వెళ్ళి కప్పాలి.)